క్రాష్ కాని ఎంట్రీ

గగన్‌పహాడ్ కార్గో గోదాం. మధ్యాహ్నం ఒంటిగంట. సైలెన్సర్ పిస్టల్ ఒక్కసారి దగ్గింది. సూపర్‌వైజర్ బిక్షం కంప్యూటర్ ముందే కూలిపోయాడు. అప్పటికే అతని ఫోన్ నుంచి ఒక మెసేజ్ వెళ్లిపోయింది: "ఒక పెట్టెల బాంబు. ఎంట్రీ మార్చిన్రు."

రెండింటికల్లా యూపీఎస్ మెకానిక్ వేషంలో ఏజెంట్ నరేందర్ అక్కడ దిగాడు. ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు కరుగ్గా పలికింది.

"ఈ గోదాం పెట్టెలు శంషాబాద్ నుంచి తొమ్మిది ఫ్లైట్లలో వెళ్తున్నాయి. మొదటిది మూడుంబావుకి. తొమ్మిదీ ఆపలేను. ఏ పెట్టో చెప్పు, ఆ ఒక్కటీ ఆపుతా."

"ఎంతమంది సర్?"

"ఫ్లైట్‌కి నూట ఎనభై."

పెట్టెల లెక్కంతా ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉంది. హంతకుడు వైరు పీకేయడంతో డేటాబేస్ పాడైంది, తెరుచుకోవట్లేదు. దాన్ని రీబిల్డ్ చేయడం ఒక్కటే దారి. అప్పటికే ఊళ్లో ఉన్న ఢిల్లీ డెస్క్ ఏజెంట్ అనుపమ టూల్ సీడీతో వచ్చింది. నల్లకళ్లద్దాలు, నీలం షిఫాన్ చీర, గదంతా సెంటు వాసన. నేల మీది నెత్తుటి మరకపై ఎవరో గోనెసంచి కప్పారు. దాని పక్కనే ఎంట్రీ క్లర్కు మొగులయ్య నిలబడ్డాడు.

టూల్ నడిచింది. ఒకటో తారీఖు, మొదటి లైను. క్రాష్!

నరేందర్ ఆ లైను వదిలేసి మళ్లీ నడిపాడు. రెండో తారీఖు, మొదటి లైను. క్రాష్! మూడోది. క్రాష్!

"వైరస్ పెట్టారండీ," అంది అనుపమ. "ఇంకోసారి నడిపితే డిస్కే పోతుంది. వదిలేయండి, ప్లీజ్."

నరేందర్ వదల్లేదు. నాలుగు, ఐదు, ఆరు... క్రాష్, క్రాష్, క్రాష్. ఏడో తారీఖు మాత్రం సాఫీగా దాటిపోయింది. ఎనిమిది దగ్గర మళ్లీ ఢమాల్. టైం రెండూ యాభై ఎనిమిది.

నరేందర్ మొగులయ్య వైపు తిరిగాడు.

"కాకా, రోజూ మొదటి పెట్టెకు నంబర్ ఏం కొడ్తవ్?"

"నంబరేంది సార్? లాభం అని కొడ్త."

"లాభమా?"

"మరి? ఇంట్ల వడ్లు కొలిచినా గంతే గద. లాభం, రెండు, మూడు... మొదటిదాన్ని ఒకటి అని ఎవరంటరు?"

నంబర్ కోసం వెతికే టూల్‌కి అక్షరాలు తగిలి చచ్చిపోతోంది. అంతే! వైరస్ లేదు, ట్రాప్ లేదు. మరి ఏడో తారీఖు ఎందుకు చావలేదు? అక్కడ ఎవరో 'లాభం' తీసేసి '1' కొట్టారు. వడ్లు కొలవడం ఎరగని వాళ్లెవరో!

నరేందర్ ఆ లైను తెరిచాడు. పెట్టె 1. మెషిన్ పార్టులు. దుబాయ్, మూడుంబావు.

మెడకి చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్ గొట్టం. కొనలో సన్నటి బ్యారెల్.

"నేనే కొట్టానండీ," అంది అనుపమ మెల్లగా. "శుభ్రంగా ఉంటుందని అంకె వేశాను. చేతులు పైకెత్తండి. మూడుంబావు దాకా ఇలాగే కూర్చుందాం."

"మా బిక్షాన్ని సంపింది నువ్వేనానె!"

మొగులయ్య బరువైన పాత కీబోర్డు ఎత్తి ఆమె మణికట్టు మీద బలంగా బాదాడు. గొట్టం ఎగిరిపడింది, బుల్లెట్ సీలింగులోకి దూరింది. నరేందర్ ఆమెను టేబుల్‌కేసి అదిమిపట్టి, వాచ్‌లోని మైక్ నొక్కాడు.

"దుబాయ్ ఫ్లైట్! ఏడో తారీఖు, ఒకటో పెట్టె!"

దూరంగా ఇంజన్ల హోరు పెరుగుతోంది... పెరుగుతోంది... ఉన్నట్టుండి తగ్గింది.

"రన్‌వే మొదట్లో ఆపేశాం," అన్నాడు చీఫ్, ఊపిరి వదిలి. "అందరూ దిగుతున్నారు."

బేడీలు పడ్డాయి. మొగులయ్య నేల మీద చెల్లాచెదురైన మీటలు ఏరుతున్నాడు.

"సార్, గిది కంపెనీ కీబోర్డు. ఎవలు పలగ్గొట్టిన్రంటే మీ పేరు చెప్పాలె. మీ పేరేంది?"

"నా పేరు ఎవ్వరికీ చెప్పేది కాదు కాకా."

"మరి ఎవల పేరు రాయాలె?"

నరేందర్ అనుపమ వైపు చూశాడు.

"మేడంది రాయి. ఎంట్రీలు మార్చుడు ఆమెకే వచ్చు. కావాలంటే తర్వాత ఆమెనే దిద్దుకుంటది."