ఒకటి పాయింట్ రెండు

కదిరి బస్టాండుకు ఎదురుగా, మందుల షాపు పైన, మేడ మీద స్కానింగ్ సెంటర్. మధ్యాహ్నం పన్నెండు. బయట ఎండ మాడ్చేస్తున్నా, స్కాన్ గది తలుపు వేస్తే లోపలంతా చీకటే. ఏసీ చప్పుడు, జెల్ వాసన, మెషిన్ తెర వెలుగు. ఆ వెలుగులో డాక్టర్ ప్రతాప్ గారు కొలువుదీరి ఉంటారు.

మూడో నెల స్కాన్‌లో బిడ్డకు పుర్రె ఏర్పడిందా, మెడ వెనక నీటిపొర ఎంత మందం ఉంది అని చూడాలి. ఓపిగ్గా చూస్తే పెద్ద లోపాలు అప్పుడే బయటపడతాయి. మన మహానుభావుడికి ఓపిక ఎక్కడిది? ఒక చేతిలో పొట్ట మీద తిప్పే ప్రోబ్, ఇంకో చేతిలో ఫోన్. రిపోర్టులు పొద్దున్నే తయారు. పుర్రె నార్మల్, నీటిపొర ఒకటి పాయింట్ రెండు మిల్లీమీటర్లు. చుట్టుపక్కల ఏ తల్లి వచ్చినా ఆమె బిడ్డకు అదే కొలత. పేరు మార్చడమే ఆయన వైద్యం.

అలా నార్మల్ అనిపించుకుని పోయిన శెనక్కాయల కూలి ఓబులమ్మ, నెలలు నిండి కన్నది. బిడ్డకు పుర్రె పైభాగమే లేదు. గంట బతికింది. మూడో రోజు రక్తం పోయి ఓబులమ్మా పోయింది. సంగతి చెవిన పడగానే ప్రతాప్ చేసిన మొదటి పని, మెషిన్‌లోంచి ఆమె స్కాన్ చెరిపేయడం. ఆ తర్వాత కడుపు నిండా భోంచేశాడు కూడా. సిగ్గనేది ఉంటే కదా.

ఆ మధ్యాహ్నం మూడో నెల స్కాన్‌కు నందిని వచ్చి పడుకుంది.

"ముందు రెండు నిలబడలేదు సార్. రోంత బాగ సూడండి."

ప్రోబ్ ఆనించాడు. తెర మీద బిడ్డ కదిలింది. కళ్ళ పైన తల ఉండాల్సిన చోట... ఏమీ లేదు. రెండు కళ్ళు మాత్రం కప్ప కళ్ళలా ఉబ్బి ఉన్నాయి. తెర పైఅంచున, తానే నందిని అని పేరు కొట్టిన చోట ఓబులమ్మ అని ఉంది.

ఫోన్ జారి కింద పడింది. ప్రోబ్ ఎత్తి గాలిలో పట్టుకున్నాడు. బొమ్మ పోలేదు. జెల్ వాసన పోయి, గదిలో పచ్చి నెత్తురు వాసన...

"కృపా, నీకేం కనబడతాంది?" అని పక్కనున్న నర్సు కృపాకుమారిని గొణుగుతూ అడిగాడు.

"నాకేం తెలుస్తాది సార్. సూసేది మీరు కదా."

నందిని తల ఎత్తింది. "బాగుండాదా సార్?"

తను చూసింది ఓబులమ్మ బిడ్డనా, నందిని బిడ్డనా? అనంతపురంలో ఇంకొకరికి చూపించుకోమంటే తేలిపోయేది. కానీ అక్కడ ఎందుకని అడుగుతారు, పాత రిపోర్టులు తవ్వుతారు. పిరికివాడి బుర్ర ఇలాంటప్పుడే చురుగ్గా పనిచేస్తుంది.

"అంతా నార్మల్. పోయిరామ్మా."

ఒకటి పాయింట్ రెండు. నందిని ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, వాడికి దండం పెట్టి పోయింది.

అందరూ వెళ్ళాక తలుపు గడియ పెట్టాడు. మెషిన్ చెడిందేమో చూద్దామని ప్రోబ్ తన పొట్టకే ఆనించుకున్నాడు. అదే బిడ్డ. గుండె కొట్టుకుంటోంది...

మెషిన్ అమ్మేసి కొత్తది తెచ్చాడు. పొట్ట మాత్రం నెలనెలా పెరిగింది. చూసినవాళ్ళు కూర్చుని తిన్న కొవ్వనుకున్నారు. లోపల ఏదో తన్నుతోందని వాడొక్కడికే తెలుసు. ఆరు నెలలు ఓర్చుకున్నాడు. నందినికి నెలలు నిండే రోజులు వచ్చేసరికి ఇక ఓర్చుకోలేక, అనంతపురం పోయి, ముఖపరిచయం లేని ఒక స్కాన్ డాక్టరు ముందు పడుకున్నాడు.

చీకటి గది. చల్లటి జెల్. ఆ డాక్టరు ఒక చేత్తో ప్రోబ్ తిప్పుతూ, ఇంకో చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు.

"బాగుండాదా సార్?" అని ప్రతాప్ అడిగాడు.

"అంతా నార్మల్." డాక్టరు తల ఎత్తలేదు.

ప్రతాప్ మెడ తిప్పి తెర చూశాడు. కప్ప కళ్ళు... తన వైపే చూస్తున్నాయి. పైన పేరు కొట్టే చోట తన పేరు లేదు. ఓబులమ్మ పేరూ లేదు.

నందిని అని ఉంది.