కోడలి ఉపవాసం

రాజోలులో సలోమిగారింట శుక్రవారం పొద్దున్న కోడలికి కాఫీ ఉండదు. సుగుణ కాపరానికొచ్చి మూడేళ్ళైంది, ఇంకా కడుపు పండలేదు. అందుకని వారం వారం ఉపవాసం, మధ్యాహ్నం చర్చి సంఘం ఆడవాళ్ళతో ప్రార్థన. పిల్లలు లేకపోతే పస్తుండవలసింది ఆడదేనని ఎవరు తేల్చారో గానీ, సుగుణ నోరెత్తకుండా ఉండేది.

1979 వేసవి ముందు ఒక శుక్రవారం, రావులపాలెం బస్సు కండక్టరు చక్కెరకేళి గెల ఒకటి అరుగు మీద దించి వెళ్ళాడు. నెలకోసారి వస్తుంది. పంపిందెవరో చీటీ ఉండదు. సలోమి దాన్ని గడప దాటనివ్వదు, తిన్నగా గేదె ముందు పడేస్తుంది. కొడుకు సత్యానందం తల దించుకుంటాడు. ఆ దించుకోవడం చూసే సుగుణకు అనుమానం పట్టుకుంది. రావులపాలెంలో ఎవరో ఉంది. అత్తకీ తెలుసు. తెలియనిది తనకే.

ఆ రోజు ఇక ఆగలేకపోయింది. "ఎవరండీ ఆవిడ?"

స్కూలుకి సైకిలు తీస్తున్న సత్యానందం దాన్ని మళ్ళీ గోడకి చేరేశాడు.

"ఆవిడ కాదు సుగుణా. బుల్లిరాజని, నా స్నేహితుడు. నా మనసు ఆడవాళ్ళ మీదకి పోదు, అతని మీదే ఉంది. పెళ్ళికి ముందే అమ్మకి చెప్పేను. పెళ్ళయ్యాక అతన్ని కలవలేదు. నీకు చెప్పే ధైర్యం మాత్రం చాల్లేదు."

సుగుణ నేరుగా వంటింట్లోకి నడిచింది.

"మీకు ముందే తెలుసా అత్తయ్యగారూ?"

సలోమి పీట మీద కూలబడింది. "ఏం చెయ్యమంటావమ్మా? పాదిరిగారు వాక్యం తీసి చూపించి పాపమన్నారు. పక్కింటి అచ్చాయమ్మగారు గాలి సోకింది, తాయెత్తు కట్టించమన్నారు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని ఇద్దరూ చెప్పేరు. గోదాట్లో దూకుతానని బెదిరించి నేనే వాణ్ణి ఒప్పించేను."

ఒకరి గుమ్మం ఒకరు తొక్కని రెండు మతాలూ ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలబడ్డాయి.

"మరి అంతా తెలిసీ నన్నెందుకు పస్తులుంచేరు? ఊరంతా నన్ను గొడ్రాలంటుంటే, నా నెత్తిన చెయ్యిపెట్టి ఎలా ప్రార్థన చేసేరండీ?"

మధ్యాహ్నం ఆడవాళ్ళు వచ్చారు. సంఘంలో పెద్దావిడ మరియమ్మ బైబిలు తెరవబోతుంటే సలోమి లేచి నిలబడింది.

"ఈ ఉపవాసం ఇవాళ్టితో ఆపేస్తున్నామండీ. నా కోడల్లో ఏ లోపమూ లేదు."

"అయితే అబ్బాయిలోనా?" మరియమ్మ గొంతులో ఆత్రం దాగలేదు.

ఈవిడ ఇప్పుడు ఇంకో అబద్ధం ఆడుతుందనే సుగుణ అనుకుంది. సలోమి, ఆ రోజు స్కూలుకి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు చూసింది.

"వాడిలోనూ లేదు. దేవుడిచ్చిన బిడ్డని ఇచ్చినట్టు ఉంచలేకపోయేను. నలుగురికీ భయపడి ఇద్దరి బతుకులూ పాడుచేసేను. లోపం నాదండీ."

సత్యానందం తలుపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వచ్చినవాళ్ళు గుసగుసలాడుకుంటూ వెళ్ళిపోయారు. సలోమి ఏడుస్తూ కోడలి చేతులు పట్టుకుంది. సుగుణ విడిపించుకోలేదు.

"ఏడవకండి అత్తయ్యగారూ. రేపు నాతో అమలాపురం రండి. ఇంక పుట్టింట్లోనే ఉండి టీచరు ట్రైనింగు చదువుకుంటాను. ఎందుకొచ్చేసేనో మా నాన్నగారికి మీరే చెప్పాలి."

"ఆయ్, చెప్తానమ్మా. నేనే చెప్తాను."

మూడేళ్ళలో మొదటిసారి సుగుణ ఆవిడ మాట నమ్మింది.