తాళం లేని ఎలుక

...అయినా మనిషికీ ఎలుకకీ పెద్ద తేడా ఏముంది, ఎలుక తన కోరికకి ప్రేమని పేరు పెట్టదు, అంతేగా అనుకున్నాడతను, బోనులో తడిసిన రంపపు పొట్టు మారుస్తూ. అతని కోడ్ నేమ్ పిల్లి. గూఢచారిని ఎలుకల ల్యాబ్‌లో క్లీనర్‌గా పెట్టి, ఆ పేరు తగిలించి నవ్వుకునే పాటి బుర్రలు పై ఆఫీసువాళ్ళవి.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో తేల్చేశాడు బాస్.

"పదిహేడో బోనులో ఆడ ఎలుక. హార్మోన్ తాళంచెవి అయితే, మెదడులో రిసెప్టర్ తాళం. దీనికి ఆ తాళమే తీసేశారు. ఎన్ని ఇంజెక్షన్లిచ్చినా మగదాన్ని దగ్గరికి రానివ్వదు. విదేశీ ముఠా దాన్ని ఎత్తుకుపోవాలని చూస్తోంది."

"ఎందుకు సార్?"

"కోరికలేని సైనికుల్ని తయారు చేస్తారట."

"మనవాళ్ళయితే?"

"మనమూ అదే చేస్తాం. నోర్మూసుకుని ఈ పెన్ను తీసుకో. నొక్కితే బిల్డింగ్ తలుపులన్నీ మూసుకుపోతాయి."

మూడు వారాల కిందట కొత్త సూపర్‌వైజర్ మేడమ్ వచ్చింది, సెంటు రాసుకుని. ఎలుకల గదిలోకి వాసన సబ్బు కూడా తేరు. వాసన మారితే ఎలుకలు జతకట్టడమే తారుమారు. ఆ సంగతి ఊడ్చేవాడికీ తెలుసు. ఆమెకి తెలీదు. ఈమె ముఠా మనిషేనని పిల్లికి ఆ క్షణమే అర్థమైంది. అయినా మూడు రిపోర్టుల్లోనూ 'అనుమానితులు లేరు' అనే రాశాడు. ఆ వాసన కోసం రోజూ అరగంట ముందే వచ్చాడు, సిగ్గులేని వెధవ.

ఇవాళ, సాయంత్రం నాలుగవడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌తో వచ్చింది.

"నా కారొచ్చేస్తోంది. పదిహేడు భద్రంగానే ఉంది, చూసుకో. తర్వాత నన్ననకు."

ఎవరడిగారు? పిల్లి పక్క బోనులోంచి మగ ఎలుకని తోక పట్టి తీసి, పదిహేడులో వదిలాడు. మగది వాసన చూసింది, వెంటపడింది. ఆడది ఆగి, జతకి సరేనన్నట్టు బుద్ధిగా వీపు వంచింది.

"మేడమ్, మన పదిహేడో నంబరావిడ ఇలాంటిది కాదే?"

హ్యాండ్‌బ్యాగ్‌లో ఏదో గీరుకుంది. ఆమె పారిపోలేదు. ఇంకా దగ్గరికొచ్చింది.

"నీకు మొదటిరోజే తెలుసు కదూ? మరెందుకు చెప్పలేదు?" మణికట్టు అతని ముక్కు దగ్గర పెట్టింది. "ఇప్పుడూ చెప్పవులే. వస్తావా నాతో?"

ఇరవయ్యేళ్ళ ట్రైనింగ్ ఆ వాసనలో కొట్టుకుపోయింది. వెళ్ళిపోవాలనే ఉంది, ఎక్కడికైనా. బయట కారు హారన్ కొట్టింది. బోనులో ఆడది ఇంకా వీపు వంచే ఉంది. ఈ గదిలో ఎవరికీ లొంగనిది ఒక్కటే, అదీ బ్యాగులో ఉంది.

ఆమె నవ్వి తలుపు గొళ్ళెం మీద చెయ్యేసింది.

"ఛీ," అన్నాడు పిల్లి.

ఎవర్నన్నాడో ఆమెకి అర్థం కాలేదు. అతనికి అర్థమైంది. గట్టిగా ముక్కు చీదుకుని, జేబులో పెన్ను నొక్కాడు.