బాలింత గది గోడ

మెట్‌పల్లిలో రామవ్వ గోడ అలికిందంటే మేస్త్రీలు కూడా ముక్కున వేలేసుకునేవారు. నిజాం పోయిన నాలుగో ఏట పట్టిన ముసురు పదకొండు రోజులు విడవలేదు. బాలింత గదిలో గోడ అడుగున నీరు తాగి, చాటంత పెళ్ల ఊడిపడింది. కూతురు అనసూర్య తొమ్మిది రోజుల పసివాడితో ఆ గదిలోనే పడుకుని ఉంది. రామవ్వ పెనిమిటి ముత్తయ్య నూలు కోసం పోయి, వానకు ఎక్కడో చిక్కుకున్నాడు. ఆయన వచ్చేదాకా గోడ ఆగుతుందా? వాన కాస్త తెరిపి ఇవ్వగానే రామవ్వ కొంగు నడుముకు దోపింది.

ఎప్పుడూ తెచ్చే చెరువు మన్ను నీళ్ల కింద ఉంది. వాగు ఒడ్డున మాత్రం వెన్నలాంటి మన్ను కనబడింది. పురిట్లో పోయిన పిల్లల్ని పాతిపెట్టేది ఆ ఒడ్డునే. అయితే ఆ చోటు ఇరవై బారలు ఎగువన కదా అనుకుంది. వరద ఒడ్డును కోసి ఎంత కిందికి ఈడ్చుకొచ్చిందో చూసే తీరిక ఆమెకు లేదు. గంపెడు తెచ్చి, గడ్డి కలిపి తొక్కి, గోడకు అదిమింది. పైన పేడతో అలికి, తన పనితనానికి తానే మురిసిపోయింది.

మూడు రోజులకు వాన పూర్తిగా వెలిసింది. ఎండ కాసింది. ఇల్లంతా ఆరింది, ఆ చాటంత అతుకు తప్ప.

ముట్టుకుంటే తడి. చల్లగా లేదు, గోరువెచ్చగా ఉంది. వాసన చూసింది. మట్టి వాసన కాదు... పాల వాసన.

"అవ్వా, పాలు వస్తలేవే," అంది అనసూర్య గొణిగినట్టు. "నిన్నటి సంది సుక్క లేదు. పోరడు చీకి చీకి ఏడుస్తుండు."

"ఎల్లిపాయ కారం తిను, అవే వస్తయి. ఫికర్ చేయకు బిడ్డా."

అన్నదే గాని, రామవ్వ చూపు ఆ తడి అతుకు మీదికే పోయింది. మేకపాలు తాపితే పసివాడు కక్కేశాడు. వాడి ఏడుపు పిల్లికూన ఏడుపంత అయిపోయింది. ఇంకో రోజు ఇట్లాగే గడిస్తే దక్కడు.

మధ్యాహ్నం అనసూర్య కునుకు తీస్తుంటే, కొడవలి కొనతో అతుకును గీకింది. రెండు వేళ్ల లోతున ఏదో తట్టుకుంది. లాగింది. నల్లటి మొలతాడు... దానికి కట్టిన రాగి పైస. చుట్టు కొలిస్తే జానెడు లేదు.

వాగు ఒడ్డున పాతిపెట్టిన పసికందుది. నా చేతులారా ఇంట్లోకి తెచ్చుకున్నానే అని ఏడ్చింది. అతుకంతా పెకిలించింది. గోరంత మట్టి కూడా విడవకుండా ఊడ్చి, గంపకెత్తుకుని వాగుకు ఉరికింది. గుంట తవ్వి మన్నంతా పోసి, మొలతాడు పెట్టి పూడ్చింది. పైన గ్లాసెడు మేకపాలు పోసింది.

"తప్పయింది కొడుకా... పండుకో. నా మనుమణ్ణి ఇడిసిపెట్టు."

ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని తిరుగుముఖం పట్టింది. పొద్దు ఇంకా ఉంది. దారిలో మెడ నరాలు ఎందుకో లాగాయి. రెండుచోట్ల ఆగింది. వయసు మీద పడుతోంది అనుకుంది.

గడప దాటేసరికి మనుమడు ఊయలలో ఏడుస్తున్నాడు. నోరు తెరుచుకుంటోంది, గొంతు రావడం లేదు. అనసూర్య అటు చూడటమే లేదు. గోడలో అతుకు పెకిలించిన బొందకు ఆనుకుని కూర్చుంది. కొంగు కప్పి, ఒళ్లో దేన్నో జోకొడుతోంది. కొంగు కింద గుటకలు... ఒకదాని వెంట ఒకటి.

"బిడ్డా... ఎవలకిస్తున్నవే పాలు?"

"ష్... ఇప్పుడే పట్టుకున్నడు."

అనసూర్య తలెత్తి నవ్వింది. ఆమె చూపు తల్లి ముఖం మీద లేదు. ఇంకా పైన ఉంది.

"దాన్ని గూడ కిందికి దించవ్వా. పాపం, ఆకలైతున్నట్టుంది."

రామవ్వ చేతులు లేవలేదు. నెత్తి మీద గంప మెల్లగా ఒక పక్కకు ఒరిగింది.