విత్తనాలంగడి మిద్దెమీద గొంతు

బెళుగుప్పలో సుంకప్ప విత్తనాలంగడి మిద్దెమీద ఒక గది ఉండేది. చీకటి పడ్డాక ఆ మెట్ల కింద నిలబడి ఎవరూ బీడీ కూడా వెలిగించేవాళ్లు కాదు. నేను చూసింది కాదు, మా మేనల్లుడు హర్ష చెప్పగా విన్నది.

ఆ గదిలో శశికుమార్ అనే కుర్రవాడు కంప్యూటర్ నేర్పేవాడు. మా డిగ్రీ రోజుల్లో కంప్యూటరంటే పుస్తకంలో ఒక బొమ్మ, అదీ మసగ్గా అచ్చయింది... సరే, అది వదిలేద్దాం. రెండువేల మూడులో జ్వరమొచ్చి శశికుమార్ పోయాడు. తల్లి మారెమ్మ మిగిలింది. గదికి తాళం పడింది.

ఆ తర్వాతే మొదలైంది. పొద్దు గూకాక, పోయిన కరెంటు తిరిగి రాగానే — తాళం వేసిన గది కిటికీలో వెలుగు. కాసేపటికి మాటలు. ఆడమనిషి పిలుస్తుంది... చచ్చిపోయినవాడు బదులిస్తాడు.

అనంతపురంలో కంప్యూటర్లు బాగుచేసే హర్షను సుంకప్ప పిలిపించాడు.

"దాని నోరు మూయించప్పా. పైన చచ్చినోడు మాట్లాడతాంటే కింద విత్తనాలు ఎవురు కొంటారు? మొలకే రాదంటాండారు."

"మీరూ రాండన్నా."

"నాకు మోకాళ్ల నొప్పి. నువ్వు పో."

హర్ష మెట్లెక్కాడు. పై మెట్టుమీద ఎవరో ముసుగేసుకుని కూర్చుని ఉన్నారు... మారెమ్మ. "పో నాయనా" అని జరిగి దారిచ్చింది.

తాళం తీశాడు. దుమ్ము, చీకటి. అంతలో కరెంటు వచ్చింది — కంప్యూటర్ దానంతటదే లేచింది. నల్లతెర మీద అక్షరాలు పరుగెత్తి... ఆగాయి. దాంట్లోంచి ఒక మగ గొంతు.

"ఈ రెండిటికీ పడల్యా..."

"శశీ, సంగటి సల్లారిపోతాది."

"వస్తాండా మా. నువ్వు తిను."

రెండో గొంతు మారెమ్మదే. హర్ష తిరిగి చూశాడు. ఆమె పెదవులు కదల్లేదు.

కీబోర్డు ముందు కూర్చుని అతను ఒక ఆజ్ఞ కొట్టాడు. సంగతి తేలింది. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతుకుతాయట. కొన్నిటికి మాత్రం అసలు పొసగదట. నెట్ లేని ఊళ్లో శశికుమార్ పత్రికలతో వచ్చే సీడీలే దిక్కుగా, తెలుగు అక్షరాల ప్యాకేజీ ఒకదాన్నుంచి, ప్రింటరుది ఇంకోదాన్నుంచి ఎక్కించాడు. అవి రెండూ తగువుపడ్డాయి. కరెంటు రాగానే మిషన్ దానంతటదే లేచేలా, లేచినప్పుడల్లా అన్నిటినీ తనిఖీ చేసి, తగువుంటే తన గొంతుతోనే చెప్పేలా పెట్టుకున్నాడు. ఆ గొంతు రికార్డు చేసేటప్పుడు తల్లి తిండికి పిలిచింది. ఆ మాటలూ అందులో పడిపోయాయి.

"దెయ్యం లేదు పెద్దమ్మా," అన్నాడు హర్ష. "ఒక ప్యాకేజీ తీసేస్తే తగువు తీరిపోతాది. ఇంక మాట్లాడదు."

మారెమ్మ లోపలికి వచ్చి అతని చేతిమీద చెయ్యి పెట్టింది.

"ఆ మాటకే దినామూ వస్తాండా నాయనా," అంది మెల్లగా. "వాటిని కలపొద్దు. కొట్లాడుకోనీ."

కిందినుంచి సుంకప్ప కేకేశాడు. "ఏమప్పా, పోయిందా?"

హర్ష కీబోర్డు మీంచి చెయ్యి తీశాడు.

"లేదన్నా... ఇది నా చేత అయ్యేది కాదు."