తూకం ఎక్కిన మందు

కొత్త రోగి సింహాచలం మంచం దగ్గర వైద్యతుల పచ్చదీపం వెలిగించింది. తెర వైపు చూడకుండానే డాక్టర్ మృణాళిని మందు పేరు చెప్పగలదు. అది తన వ్యాసంలోని మందే.

ఏ రోగికి ఏ మందు ఇవ్వాలో ఇప్పుడు డాక్టర్లు నిర్ణయించరు. ప్రతి మంచానికీ ఒక వైద్యతుల ఉంటుంది. లోకంలోని పరిశోధనలన్నిటినీ అది తూస్తుంది. ఒక వ్యాసాన్ని ఎంతమంది పరిశోధకులు తమ రాతల్లో ఉదహరిస్తే దానికి అంత తూకం. బరువైన వ్యాసం చెప్పిన మందే రోగికి అందుతుంది. రోగి తెరమీద వేలు ఆనించి ఒప్పుకుంటే చాలు. రోగిని మంచి చెడ్డలు అడగడం కూడా తెరమీద అక్షరాల్లోనే నడుస్తుంది కాబట్టి వార్డులో మాట వినిపించడం అరుదు. డాక్టరు రాసిన వ్యాసాల తూకం కోటు కాలరు మీద వెలుగుతూ ఉంటుంది. విశాఖ ఆసుపత్రిలో మృణాళిని కాలరుకు సాటి లేదు.

ఆ తూకం ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. కొందరు పరిశోధకులు కలిసి ఉదహరింపుల చీటీ వేసుకున్నారు. నెలకొకరి వంతు. వంతు వచ్చినవారి వ్యాసాన్ని మిగిలినవాళ్లంతా ఉదహరించాలి. మొదటి చీటీ మృణాళిని పాడుకుంది. ఇంతమంది ఉదహరించారు కదా అని బయటివాళ్లూ ఉదహరించారు. జనం ఉన్న కొట్టుకే జనం వెళ్తారు.

లోపం సరుకులో ఉంది. మందు వాడినవాళ్లు ఎలా ఉన్నారో ఆమె బృందం ఫోన్లు చేసి కనుక్కుంది. ఫోన్ ఎత్తనివాళ్లను లెక్కలోంచి తీసేసింది. వ్యాసం అచ్చయ్యాక ఒకామె కూతురు వచ్చి, "ఆ మందు వాడాక అమ్మకి చెవులు పోయాయండీ. మీ ఫోను మోగినా తెలిసేది కాదు" అంది. మృణాళిని మిగతావాళ్ల ఇళ్లకు వెళ్లి చూసింది. ఎత్తనివాళ్లలో చాలామందిది అదే సంగతి. ఆమె దిద్దుబాటు వ్యాసం రాసింది. దాన్ని ఎవరూ ఉదహరించలేదు. తులలో అది దూదిపింజ. గట్టిగా పట్టుబడితే కాలరు మీది వెలుగు పోతుందని ఊరుకుంది. అప్పటినుంచి ఏదో ఒక సమావేశం పేరు చెప్పి ఈ వార్డుకు రాకుండా తప్పించుకుంది. ఈ రోజు డ్యూటీ డాక్టరు సెలవు పెట్టడంతో రాక తప్పలేదు.

"ఏటమ్మా, అలగ సూస్తన్నావు? నా మొకం మీదేటైనా ఉన్నాదా?" అంది సింహాచలం.

"ఏం లేదు. మీరేం చేస్తుంటారు?"

"హార్బర్లో సేపల ఏలం పాట పెడతాను. మూలనున్నోడు గొణిగిన రేటు కూడా నా సెవిని పడాల. నేదంటే బేరం పోద్ది."

మృణాళిని వరండాలోకి వెళ్లి, చీటీ నడిపే ప్రొఫెసర్ భానోజీకి ఫోన్ చేసింది.

"నా దిద్దుబాటుని ఈ నెల అందరూ ఉదహరించండి, మాస్టారూ. తుల మారాలి."

"మీరు చీటీ పాడేసుకున్నారు కదమ్మా. ఈ నెల వంతు వేరేవాళ్లది."

"నా గొప్ప కోసం కాదండీ. మనుషుల చెవులు పోతున్నాయి."

"అమ్ముకున్న సరుకు పుచ్చిపోయిందని కొట్టు ముందు బోర్డు పెట్టుకుంటామా? మీ వ్యాసం పడితే దాన్ని ఎత్తిన మేమంతా పడతాం. ఆలోచించండి."

ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తూనే ఇన్నాళ్లూ గడిపింది. తిరిగి మంచం దగ్గరకు వచ్చేసరికి సింహాచలం వేలు తెరమీదికి వెళ్తోంది.

"ఆనించకండి. ఈ మందుతో చెవులు పోవచ్చు. పాతమందు ఒకటుంది. నెమ్మదిగా పనిచేస్తుంది, నొప్పి ఎక్కువ రోజులుంటుంది. నేనే తెచ్చి ఇస్తాను."

"ఈ మందు గొప్పదని రాసినోళ్ళెవులు?"

"నేనే."

సింహాచలం నవ్వింది. "నా సేప కుళ్ళిందని నాను సెప్పుకున్నట్టుంది నీ బేరం." అంతలోనే నవ్వు ఆపేసింది. "నీ తోడబుట్టిన అప్పకైతే ఈ మందు ఇస్తావా?"

"ఇవ్వను."

"మరి ఇంతమందికి ఎందుకిచ్చినావు?"

'తుల ఇచ్చింది' అనబోయి మృణాళిని ఆగిపోయింది. తులలో రాళ్లు వేసింది తనూ, తనవాళ్లూ.

సింహాచలం చెయ్యి వెనక్కి తీసుకుంది. మంచం దిగి, వార్డు మధ్యకు నడిచి, హార్బర్లో పాట మొదలుపెట్టే గొంతుతో అరిచింది. "అందరూ ఇనండి. ఈ మందు రాసినమ్మే దీన్ని వద్దంటంది. ఎవులూ వేలెట్టకండి."

దగ్గరి మంచాలవాళ్లు ఉలిక్కిపడి లేచారు. ఎక్కడో ఉన్న నర్సు పరుగెత్తుకొచ్చింది. కిటికీ వైపు వరుసలో ఉన్నవాళ్లు మాత్రం, ఇదే మందు కోర్సు పూర్తికావచ్చినవాళ్లు, తెరలు చూసుకుంటూ పడుకునే ఉన్నారు. ఒక పెద్దాయన కమలాపండు వలుచుకుంటున్నాడు. ఆయన తల తిప్పలేదు. పక్క మంచం ఆమె కూడా తిప్పలేదు.

మృణాళిని వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది. నీడ పడ్డాకే ఆయన తలెత్తాడు. ఆమె కాలరు మీది వెలుగు చూసి, కమలాపండు పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు.