ఆపరేషన్ కిమోనో, వయా రేపల్లె

పాండురంగారావు బాపట్ల స్టేషన్లో రెండో ఇడ్లీ పూర్తి చెయ్యలేదు.

ఉదయం ఏడున్నర. ప్లాట్‌ఫారం నిండా జనం. బెంచీ మీద కూర్చుని తింటున్న మనిషి ఆకు చేతిలో ఉండగానే ముందుకు వాలిపోయాడు. కునుకు పట్టిందనుకుని పక్కాయన భుజం తట్టాడు. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. విషం పూసిన సూది. చొక్కా జేబులో ఉండాల్సిన చీటీ లేదు.

మర్నాడు హైదరాబాదులో చీఫ్ పూర్ణచంద్రరావు తన గది తలుపు గడియపెట్టి, ఏజెంట్ ఎజ్రా ముందు ఒక దారపు రీలు పెట్టాడు.

"దీని లోపల మైక్రోఫిల్మ్ ఉంది. ఆయుధాల రింగులో మనవాళ్ళు పదకొండు మంది దొంగపేర్లతో పనిచేస్తున్నారు. ఆ పదకొండు పేర్లూ ఇందులో ఉన్నాయి. రింగు హెడ్‌క్వార్టర్స్ యోకోహామాలో. అక్కడి పోలీసులు దాడి చేసేటప్పుడు మనవాళ్ళని వదిలెయ్యాలంటే వాళ్ళకి ఈ పేర్లు అందాలి."

"రింగు చేతిలో పడితే సార్?"

"పదకొండు శవాలు."

ఎజ్రా రీలు వంక చూశాడు. మామూలు తెల్లదారం.

"తీసుకెళ్ళడానికి యుకికో అనే జపాన్ ఆఫీసరు వస్తోంది," అన్నాడు చీఫ్. "రేపల్లెలో రొయ్యల చెరువులు చూడటానికి వచ్చిన కంపెనీ మనిషిగా. శనివారం పదకొండింటికి తెనాలిలో ఒక బట్టల కొట్టు. పాండురంగారావు సేల్స్‌మన్‌గా ఉండాలి. ఆమె ఐదు బట్టలు జపనీస్‌లో వరసగా అడగాలి. ఆ వరస నా దగ్గర ఇంకో కాపీ ఉంది, కాని పాండురంగారావు జేబులో చీటీయే పోయింది."

"కోడ్ మార్చేద్దాం సార్."

"ఎలా మారుస్తాం? ఆమె బయల్దేరింది. కాంటాక్ట్ లేదు. ఫొటో కూడా లేదు." చీఫ్ సొరుగులోంచి వేరే ఫొటో తీశాడు. పెద్ద కళ్ళు, పొగరు నవ్వు. "ఈమె ఫొటో మాత్రం ఉంది. చంద్రకళ. పొన్నూరు పిల్ల. మొన్నటిదాకా మన మనిషి, మన జీతం తీసుకుంటూ రింగుకి పనిచేసింది. వేషం వేస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. చీటీ ఈమెకి చేరి ఉంటుంది. ఐదు మాటలు ఎవరైనా అప్పజెప్పగలరు. నువ్వు ఇంకో పది మాటలు మాట్లాడించి, అసలుదో నకిలీదో తేల్చాలి. డిపార్ట్‌మెంట్‌లో జపనీస్ వచ్చినవాడివి నువ్వొక్కడివే కదా."

ఎజ్రా కుర్చీ అంచుకి జరిగాడు.

ఎనిమిదేళ్ళ కిందట అప్లికేషన్ నింపుతుంటే, పక్క కుర్రాడు ఫ్రెంచి అని రాశాడు, ఆ పక్కవాడు రష్యన్ అని రాశాడు. రేపల్లె నుంచి వచ్చిన ఎజ్రాకి రాయడానికి ఏమీ లేక, 'జపనీస్: ధారాళంగా' అని రాసేశాడు. నిజానికి అతనికి వచ్చినవి ఆరు మాటలు. చొక్కా, పాంటు, టోపీ ఆ బాపతు. ఇప్పుడైనా నిజం చెప్పొచ్చు. నోరు తెరిచాడు.

"ఎస్ సార్," అన్నాడు.

ఆ ఆరు మాటలూ అతనికి మత్తయి మాస్టారి దగ్గర అబ్బినవే. ఆయన రేపల్లెలో లూథరన్ చర్చి పక్క సందులో దర్జీ. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ పటాలానికి బట్టలు కుట్టడానికి సింగపూర్ వెళ్ళి, జపాన్‌వాళ్ళకి చిక్కి, మూడేళ్ళు వాళ్ళ కాంపులో వాళ్ళ బట్టలు కుట్టి తిరిగొచ్చిన మనిషి. హైస్కూలు రోజుల్లో ఎజ్రా ఆయన కొట్లో గుండీలు కుట్టేవాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకి సూటు కుట్టి, డబ్బులు పుచ్చుకోకుండా భుజాలు దులిపి పంపింది ఆయనే.

అదే సూటులో రెండేళ్ళ కిందట ఆఫీసర్లతో కలిసి బాపట్లలో రైలు దిగాడు ఎజ్రా. బట్టల మూటతో మత్తయి ఎదురొచ్చి, "ఒరే ఎజ్రా, ఎట్టా ఉన్నావురా!" అని చెయ్యి పట్టుకున్నాడు. ఎవరని ఒక ఆఫీసరు అడిగాడు. "తెలియదు సార్. ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో," అన్నాడు ఎజ్రా. మత్తయి చెయ్యి వదిలేసి, "పొరపాటు పడ్డానండి," అని తప్పుకున్నాడు. ఆ రోజు నుంచీ ఎజ్రా రేపల్లె వైపు కన్నెత్తి చూడలేదు.

ఇప్పుడు పోక తప్పలేదు. బుధవారం పొద్దున సందు మొదట్లో రెండుసార్లు వెనక్కి తిరిగి, మూడోసారి గుమ్మం ఎక్కాడు. మత్తయి కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"రా అబ్బాయ్. కాఫీ తాగావా?"

బాపట్ల ఊసే ఎత్తలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఎజ్రా పీట మీద కూర్చుని, శనివారం తెనాలిలో ఫలానా కొట్టుకి ఒక జపానావిడ బట్టలు కొనడానికి వస్తుందనీ, నిజంగా జపానావిడేనో కాదో మాటల్ని బట్టి తను కనిపెట్టాలనీ, పదకొండు మంది ప్రాణాలు దాని మీద ఉన్నాయనీ నేల చూస్తూ చెప్పాడు.

"నాకొచ్చింది దర్జీ జపనీసేరా," అన్నాడు మత్తయి. "అన్నం పెట్టమని అడగటం కూడా రాదు. బట్టల సంగతైతే చెప్తా."

మూడు రోజులు చెప్పాడు. చొక్కా చేతికిచ్చి ఒక మాట, పాంటు చేతికిచ్చి ఇంకో మాట. ఉవాగి అంటే కోటు. కుత్సుషిత అంటే మేజోళ్ళు. తెబుకురో అంటే చేతి తొడుగులు. ఓబి అంటే నడికట్టు. మిసెతె కుదసాయ్, చూపించండి. ఇకురా దెసు కా, ఎంత. పెద్దది ఓకీ, చిన్నది చీసాయ్. అవును అనడానికి హాయ్.

"చొక్కా వేసుకోవడం కిరు. పాంటు వేసుకోవడం హకు. టోపీ పెట్టుకోవడం కబురు."

"ఒక్క వేసుకోవడానికి ఇన్ని మాటలెందుకు మాస్టారూ?"

"మనకి లేవంట్రా? చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, టోపీ పెట్టుకుంటాం." కత్తెర పక్కన పెట్టి నవ్వాడు. "కాంపులో మేం తెలుగోళ్ళం నలుగురం ఉండేవాళ్ళం. ఏడాదిగా ఇంటి నుంచి కబురు లేదు, కబురు లేదు అని ఏడుస్తా ఉంటే, కాపలావాడికి జాలేసి తన టోపీ తెచ్చి నా నెత్తిన పెట్టాడు. అప్పుడింకా ఎక్కువ ఏడిచా."

ఎజ్రా నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఈ మనిషినా తెలియదన్నది అనిపించి తల ఎత్తలేదు.

శుక్రవారం బయల్దేరుతుంటే మత్తయి అన్నాడు: "తెనాలి నేనూ వస్తారా. మాట మర్చిపోతే అందిస్తా."

"వద్దు మాస్టారూ. మా పెద్ద ఆఫీసర్లుంటారు." అనేశాక గాని ఏమన్నాడో ఎజ్రాకే వినపడలేదు. మత్తయి సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.

శనివారం పదిన్నర. తెనాలి కొట్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద, మెళ్ళో టేపుతో ఎజ్రా సేల్స్‌మన్ వేషంలో కూర్చున్నాడు. అతని చొక్కా రెండో గుండీ ట్రాన్స్‌మిటర్. వేమూరు రైతు వేషంలో చీఫ్ ఎదురుగా పంచెల చాపులు తిరగేస్తున్నాడు. చుట్టుపక్కల నలుగురు ఏజెంట్లు, నాలుగు చెవుల్లో నాలుగు ఇయర్‌ఫోన్లు.

బట్టల కొట్టన్నాక వరండాలో ఒక దర్జీ ఉంటాడు. ఇవాళ మిషను ముందు కూర్చున్నది మాత్రం కొట్టు దర్జీ కాదు. తోటి దర్జీని ఎట్లా ఒప్పించాడో, మత్తయి!

"ఆ ముసలాయన ఇందాకటి నుంచి నిన్నే చూస్తున్నాడు," అన్నాడు చీఫ్ పెదవులు కదలకుండా. "తెలుసా?"

పది అడుగుల దూరం. మాట వినపడుతుంది.

"తెలియదు సార్," అన్నాడు ఎజ్రా.

మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. ఎజ్రా మెళ్ళో టేపు సర్దుకున్నాడు. ఒకసారి చేస్తే పొరపాటని సరిపెట్టుకోవచ్చు, రెండోసారికి ఏం పేరు పెట్టాలో అతనికి తెలియలేదు.

పదకొండింటికి తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపలేదు. కొంగల బొమ్మలున్న గులాబీరంగు కిమోనోలో ఒక స్త్రీ దిగింది. మొహానికి తెల్లటి పౌడరు, కళ్ళకి నల్లద్దాలు. బజారు బజారంతా నోరు తెరిచింది. ఆమె మెట్టు దగ్గర చెప్పులు విడిచి, వచ్చి పరుపు మీద కూర్చుంది.

"బోషి. తెబుకురో. ఉవాగి. కుత్సుషిత. ఓబి."

టోపీ, తొడుగులు, కోటు, మేజోళ్ళు, నడికట్టు. వరస సరిపోయింది. చీఫ్ కనుబొమ్మ లేచింది: ఇక నీ వంతు.

"ఓకీ? చీసాయ్?" అన్నాడు ఎజ్రా.

ఆమె గడగడా మాట్లాడింది. పదింట ఒక మాట తెలిసింది. రంగేదో అడిగింది. ధర అడిగింది. అతను పాప్లిన్ తాను ఒకటి పరుపు పొడుగునా పరిచి "హాయ్, హాయ్," అన్నాడు. ఆమె ఇంకేదో అడిగి, జవాబు కోసం ఆగింది. దానికీ హాయ్ అన్నాడు. ఆమె పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. పరీక్ష పెట్టవలసినవాడు తను, పెడుతున్నది ఆమె.

తేలడం లేదు సార్ అని గుండీలోకి గొణిగితే చాలు. కాని ఎనిమిదేళ్ళ అబద్ధం నలుగురి చెవుల్లో ఒకేసారి పగలడం అతను తట్టుకోలేడు. ఓకే అన్నట్టు టేపుని బొటనవేలితో నొక్కాడు. జాకెట్ ముక్క మడిచి, మ్యాచింగ్ దారమంటూ రీలు పెట్టి, పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె లేచింది.

"సేల్స్‌మన్ సార్!"

మత్తయి గుమ్మంలో నిలబడ్డాడు. "ఒక్క మాట చెప్పొచ్చాండీ? ఆవిడ జపానావిడ కాదండి."

ఒరే అనలేదు. ఎజ్రా అని పేరు పెట్టి పిలవలేదు. ముక్కూ మొహం తెలియని మనిషిని పిలిచినట్టు సార్ అన్నాడు. ఆ అబద్ధాన్ని ఇంకా ఆయనే కాపాడుతున్నాడు.

"కుడి అంచు పైకేసిందండి. వాళ్ళు బతికున్న మనిషికి ఎడమ అంచే పైకేస్తారు. కుడిది పైకేసేది పీనుక్కి. కాంపులో ఇరవై పీనుగులకి నేనే తొడిగానండి. మన ఆడోళ్ళకి పైట ఎడమ భుజం మీదకి పోద్ది గదా, చెయ్యి ఆ అలవాటునే పోయింది."

"ఎవడయ్యా వీడు? లాగెయ్యండి అవతలకి!" అన్నాడు చీఫ్.

ఆమె నాలుగు అడుగులు వేసింది. ఇంకో మూడు వేస్తే మెట్టు.

"ఆయన నాకు తెలుసు సార్!" ఎజ్రా అరిచాడు. "మా మత్తయి మాస్టారు! నాకు జపనీస్ రాదు సార్, వచ్చిన నాలుగు ముక్కలూ ఆయనవే! ఆపండి ఆమెని!"

నాలుగు ఇయర్‌ఫోన్లలోనూ మోగిపోయింది. ఆమె చెయ్యి ఓబిలోకి పోయి పిస్తోలుతో పైకొచ్చింది. ఎజ్రా ఆమె కాళ్ళ కింద పరిచి ఉన్న పాప్లిన్ తాను కొస రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజాడు. బిగించి కట్టిన కిమోనోలో కాళ్ళు విడలేదు. ఆమె వెల్లకిలా పడింది, పిస్తోలు పేలి గుండు తగిలి ట్యూబులైటు పగిలింది. పొట్లం విడి రీలు మెట్ల వైపు దొర్లింది. అంబాసిడర్ తలుపు తెరుచుకుని డ్రైవరు చెయ్యి కిందికి చాచాడు. రీలుకీ అతని వేళ్ళకీ మధ్య జానెడు దూరం.

మత్తయి కాలు అడ్డం పెట్టాడు. దొర్లిపోయే దారపు రీలుని కాలితో ఆపడం దర్జీకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఏజెంట్లు డ్రైవర్ని కారులోంచి లాగి పట్టుకున్నారు. పౌడరు చెరిగాక కనిపించింది చంద్రకళ మొహం. బేడీలు వేస్తుంటే పొన్నూరు తెలుగులో వాపోయింది: "రెండేళ్ళు ఏడ్చి నేర్చుకున్నానండీ ఆ భాష. కట్టు కూడా ఫొటో ఎదురుగా పెట్టుకుని అద్దంలో చూసుకుంటా కట్టుకున్నా. అచ్చం అట్టాగే కనిపించింది."

అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పదకొండున్నరకు పాంటూ పొట్టిచేతుల చొక్కా వేసుకున్న ఒకావిడ చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చింది. మద్రాసు నుంచి రైలు లేటట. మెట్టు దగ్గర బూట్లు విప్పి, ఐదు మాటలూ వరసగా చెప్పింది. చీఫ్ ఎజ్రా వంక చూడలేదు. "మాస్టారూ, మీరు చూడండి," అన్నాడు. మత్తయి తనకొచ్చిన మర్యాద వాక్యాల్లో ఒకటి అన్నాడు: "తె ఓ అగెతె కుదసాయ్." కొలతకి చేతులు పైకెత్తండి అని. ఆవిడ తెల్లబోయి, నవ్వి, చేతులెత్తింది. తర్వాత ఆయన వయసు చూసి, ఆ మాట ఎక్కడ నేర్చుకుని ఉంటాడో తట్టినట్టుంది, నవ్వు ఆపి నడుము వంచి దణ్ణం పెట్టింది. మత్తయి ఏం చెయ్యాలో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు. రీలు ఆవిడతో వెళ్ళింది, పదకొండు మందీ బతికారు.

"సోమవారం నా గదికి రా," అన్నాడు చీఫ్ ఎజ్రాతో.

సాయంత్రం రేపల్లె పాసింజరు కిటకిటలాడుతోంది. మత్తయికి కిటికీ పక్కన సీటు దొరికింది. ఆయన బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఎజ్రా ఎదురుగా నిలబడ్డాడు. క్షమించమని అడగాలని తెనాలిలో మొదలుపెట్టిన మాట వేమూరు దాటినా నోట్లోంచి ఊడిపడలేదు.

కూరగాయల బుట్టతో కూర్చున్న ఒక పెద్దావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఈ బాబు మీవాడేనా అన్నయ్యా?"

మత్తయి తీరిగ్గా ఎజ్రాని కిందినుంచి పైదాకా కొలిచాడు. పెట్టె మొత్తం వింటోంది.

"ఎవరో తెలీదమ్మా," అన్నాడు. అని కిటికీ వైపు జరిగి, పక్కన మనిషి పట్టేంత చోటు చేసి, అరచేత్తో బల్ల దులిపాడు.

గూఢచారిని ఎవరూ గుర్తుపట్టకపోవడమే గొప్ప అని డిపార్ట్‌మెంట్‌లో అంటారు. ఎజ్రా మొహం కందగడ్డలా చేసుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని, ఆ చోట్లో కూర్చున్నాడు.